రెండేళ్ల ‘న్యూక్లియర్ చదువు’: భీమ్‌గల్ నుంచి దారి దుబాయ్ కన్నా దగ్గరే, కానీ వయసు ఆగదు

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో భీమ్‌గల్ లాంటి ఊళ్లో రెండు లెక్కలు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి కాలేజీ లెక్క, రెండోది పాస్‌పోర్టు లెక్క. పిల్లాడికి మంచి మార్కులొస్తే ఇంజినీరింగ్, లేకుంటే గల్ఫ్. ఈ రెండింటి మధ్య ఇంకో దారి ఉందన్న సంగతి చాలా ఇళ్లలో మాటకే రాదు. నిజామాబాద్ జిల్లాలో అబ్బా దుబాయ్‌లోనో సౌదీలోనో ఉండి, చాచా ఖతర్‌లో ఉండి, మామూ మస్కట్ నుంచి తిరిగొచ్చిన ఇళ్లు ఎన్నో. అలాంటి ఇంట్లో పందొమ్మిదేళ్ల కుర్రాడికి ఏ దారి ముందుగా కనబడుతుందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఫోన్లలో కొత్త మాట ఒకటి తిరుగుతోంది. ‘రెండేళ్ల న్యూక్లియర్ ఇంజినీరింగ్ టెక్నాలజీ డిగ్రీ చేస్తే చాలు, జీవితాంతం ఉద్యోగం’ అని. అది పూర్తిగా అబద్ధం కాదు. అమెరికాలో అలాంటి చదువు నిజంగానే ఉంది. అక్కడ కమ్యూనిటీ కాలేజీలు, టెక్నికల్ కాలేజీలు రెండేళ్లలో ‘అసోసియేట్ డిగ్రీ’ ఇస్తాయి. జార్జియా రాష్ట్రంలోని అగస్టా టెక్నికల్ కాలేజీ అందుకు మంచి ఉదాహరణ. ఆ కాలేజీకి దగ్గర్లోనే వోగ్టల్ అణు విద్యుత్ కేంద్రం ఉంది. దాని మూడో యూనిట్ 2023లో, నాలుగో యూనిట్ 2024లో కరెంటు అమ్మడం మొదలుపెట్టాయి. కాలేజీ పక్కన ప్లాంటు, ప్లాంటుకు కావలసిన మనుషుల్ని తయారుచేసే కాలేజీ. డిగ్రీ విలువ సగం ఆ పొరుగుతనంలోనే ఉంది. ప్లాంటు లేని చోట ఆ కాగితం గోడకు తగిలించుకోవడానికే.

మన దేశంలో ఆ పద్ధతి లేదు. ఇక్కడ అణు కేంద్రంలో టెక్నీషియన్ కొలువుకు ‘న్యూక్లియర్’ అని పేరున్న డిప్లొమా ఎవరూ అడగరు. పైగా అలాంటి పేరుతో ఏ ప్రైవేటు సంస్థ అయినా ఫీజు అడిగితే మొదట అనుమానించాల్సింది దాన్నే. ఇక్కడి లెక్క తిరగేసి ఉంటుంది. ముందు మామూలు ఐటీఐ, మామూలు పాలిటెక్నిక్ లేదా ఎంపీసీ ఇంటర్. ఆ తర్వాత పరీక్ష. పరీక్షలో నెగ్గితే అణు విద్యుత్ సంస్థే దగ్గర కూర్చోబెట్టుకుని న్యూక్లియర్ చదువు చెబుతుంది. ఐటీఐ, ఇంటర్ పిల్లలకు ఆ చదువు సరిగ్గా రెండేళ్లు. ఫీజు కట్టేది పిల్లాడు కాదు, డబ్బు ఇచ్చేది సంస్థ.

దీని పేరు స్టైపెండియరీ ట్రైనీ. దేశంలో అణు విద్యుత్ కేంద్రాలు నడిపే న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్, అంటే ఎన్‌పీసీఐఎల్, ముంబైలోని బాబా అణు పరిశోధన కేంద్రం, అంటే బార్క్, రెండూ ఈ పద్ధతిలోనే మనుషుల్ని తీసుకుంటాయి. 2023లో బార్క్ ఒకే ప్రకటనలో 4,374 పోస్టులు పిలిచింది. అందులో 4,162 ట్రైనీలవే. వాటిలో 2,946 ఐటీఐ, ఇంటర్ స్థాయి పిల్లలకు. ఏటా అంత పెద్ద ప్రకటన రాదు. ఎన్‌పీసీఐఎల్ మాత్రం కైగా, కాక్రాపార్, రావత్‌భాటా, తారాపూర్ లాంటి కేంద్రాల వారీగా అప్పుడప్పుడూ ఖాళీలు ప్రకటిస్తూ ఉంటుంది. వంద, రెండొందల పోస్టుల చిన్న ప్రకటనలు కాబట్టి తెలుగు పేపర్లలో ఒక మూలకు పోతాయి. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ వార్తల హడావుడిలో వాటిని ఎవరు చూస్తారు?

బోధన్ బాయిలర్ చూసినవాళ్లకు ఇది కొత్త లోకం కాదు

‘అణు’ అన్న మాట వినగానే అదేదో సైంటిస్టుల పని అనిపిస్తుంది. టెక్నీషియన్ పనిలో ఎక్కువ భాగం అలా ఉండదు. నిజామాబాద్ జిల్లా వాళ్లకు ఇది అర్థం కావాలంటే బోధన్ శక్కర్‌నగర్‌ను గుర్తు చేసుకుంటే చాలు. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు పిప్పి కాల్చి నీళ్లు మరగబెట్టేవారు. ఆవిరి టర్బైన్‌ను తిప్పేది. టర్బైన్ కరెంటు ఇచ్చేది. అణు కేంద్రంలోనూ చివరికి జరిగేది అదే. పిప్పి బదులు యురేనియం. యురేనియం అణువులు చీలినప్పుడు పుట్టే వేడిని భారజలం మోసుకొచ్చి, పక్కనున్న మామూలు నీళ్లను ఆవిరి చేస్తుంది. అక్కడి నుంచి టర్బైన్, జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్. ఫ్యాక్టరీ బాయిలర్ హౌస్‌లో ముప్పై ఏళ్లు పనిచేసిన పెద్దాయనను టర్బైన్ హాల్లో నిలబెడితే పంపు ఏది, వాల్వ్ ఏది, కండెన్సర్ ఏది అని అడగక్కర్లేదు.

తేడా రియాక్టర్ దగ్గర వస్తుంది. 220 మెగావాట్ల భారజల రియాక్టర్‌లో 306 గొట్టాలు అడ్డంగా పడుకుని ఉంటాయి. ఒక్కో దాంట్లో 12 ఇంధన కట్టలు. అరమీటరు పొడవుండే ఒక్కో కట్టలో 19 సన్నటి జిర్కోనియం గొట్టాలు, వాటిలో యురేనియం బిళ్లలు. రియాక్టర్ ఆపకుండానే, నడుస్తుండగానే ఒక పక్క నుంచి కొత్త కట్ట ఎక్కించి ఇంకో పక్క నుంచి వాడిన కట్ట దించుతారు. ఆ కట్టలు ఎక్కడో తయారవడం లేదు. హైదరాబాద్ మౌలాలిలోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లోనే అవుతున్నాయి. ఈసీఐఎల్ చౌరస్తా అని హైదరాబాద్‌లో ఎందరో రోజూ పలికే పేరు 1967లో పెట్టిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌ది. రియాక్టర్ల కంట్రోల్ పరికరాలు చేసేది అదే. మణుగూరు దగ్గర అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉంది. ఒక్క రియాక్టర్ కూడా లేని తెలంగాణలో, రియాక్టర్‌కు కావలసిన ఇంధనం, నీళ్లు, నాడీ వ్యవస్థ మూడూ తయారవుతున్నాయి. మన రాష్ట్రంలోనే ఉన్న సంగతి ఇది. ఫ్యూయల్ కాంప్లెక్స్, ఈసీఐఎల్ రెండూ ఐటీఐ పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. అప్రెంటిస్ అయితే ఉద్యోగం గ్యారంటీ కాదు. కానీ ఒక ఏడాది ఆ గేటు లోపల పనిచేసిన పిల్లాడు తర్వాత ఇంటర్వ్యూలో మాట్లాడే తీరు వేరే ఉంటుంది.

రెండేళ్ల శిక్షణలో కొంతకాలం తరగతి గది. రియాక్టర్ భౌతికశాస్త్రం, రేడియేషన్ రక్షణ, ప్లాంటులో ఉండే వందల రకాల పైపులైన్ల పటాలు. తర్వాత ప్లాంటులోనే పని నేర్చుకోవడం. ఎన్‌పీసీఐఎల్‌కు తన కేంద్రాల దగ్గరే న్యూక్లియర్ ట్రైనింగ్ సెంటర్లు ఉన్నాయి. కర్ణాటకలోని కైగా మనకు దగ్గరి వాటిలో ఒకటి. అక్కడి మొదటి యూనిట్ 2018లో ఆగకుండా 962 రోజులు నడిచి ప్రపంచ రికార్డు పెట్టింది. ఒక యంత్రం రెండున్నరేళ్లకు పైగా నిలబడకుండా నడిచిందంటే దాని వెనక షిఫ్టు మారినప్పుడల్లా పుస్తకంలో రీడింగులు సరిగ్గా రాసిన టెక్నీషియన్లు ఉన్నారు. ఈ పనికి కావాల్సిన గుణం మహా తెలివి కాదు, ఓపిక. చెప్పిన పద్ధతిని చెప్పినట్టే చేయడం.

దిర్హాముల లెక్క, రూపాయల లెక్క

ఐటీఐ లేదా ఇంటర్ మీద ఎన్‌పీసీఐఎల్ ట్రైనీగా చేరితే మొదటి ఏడాది నెలకు 20,000 రూపాయలు, రెండో ఏడాది 22,000. రెండేళ్లకు కలిపి 5 లక్షల 4 వేలు. తర్వాత టెక్నీషియన్‌గా మూల వేతనం 21,700తో మొదలు. దాని మీద కరువు భత్యం, ఇతర భత్యాలు, వైద్యం, క్వార్టర్. పాలిటెక్నిక్ డిప్లొమా మీద చేరితే శిక్షణ 18 నెలలు, స్టైపెండ్ 24,000, ఆపై 26,000. అది ముగిశాక సైంటిఫిక్ అసిస్టెంట్. మూల వేతనం 35,400.

ఆ 35,400 అంకె గల్ఫ్ ఇళ్లకు ఇంకో చోట తెలిసినదే. రిజిస్టర్డ్ ఏజెంటు విదేశీ ఉద్యోగానికి తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 35,400. చట్టం చెప్పేది అంతే. ఊళ్లో సబ్ ఏజెంటు అడిగేది ఎంతో భీమ్‌గల్, కమ్మర్‌పల్లి, మోర్తాడ్ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. వడ్డీకి తెచ్చి ఇచ్చిన ఆ డబ్బు తీరడానికే మొదటి ఏడాది జీతం పోతుంది. వెయ్యి దిర్హాముల జీతం అంటే చేతికొచ్చేది సుమారు 23, 24 వేల రూపాయలు. అందులో తిండి ఖర్చు పోగా ఇంటికి పంపేది ఎంత? గల్ఫ్‌ను తక్కువ చేయడానికి కాదు ఈ మాట. బోధన్ ఫ్యాక్టరీ 2002లో 51 శాతం ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబర్‌లో లేఆఫ్‌తో మూతపడ్డాక, ఈ ప్రాంతంలో ఎన్నో పొయ్యిలు వెలిగించింది గల్ఫ్ డబ్బే. కానీ ఒకే సైజు చొక్కా అందరికీ తొడిగినట్టు ప్రతి కుర్రాడినీ అదే దారిన పంపడం గురించి ఆలోచించాలి.

ఇక్కడో విచిత్రం ఉంది. గల్ఫ్ కూడా అణు కరెంటు దారి పట్టింది. అబుదాబి ఎమిరేట్‌లోని బరాకాలో నాలుగు రియాక్టర్లు, మొత్తం 5,600 మెగావాట్లు. అరబ్ దేశాల్లో మొదటి అణు విద్యుత్ కేంద్రం అదే. నాలుగోది 2024లో పూర్తిగా నడకలోకి వచ్చాక యూఏఈ కరెంటులో పావు వంతు అక్కడి నుంచే వస్తోంది. కేంద్రం కట్టకముందే అబుదాబి పాలిటెక్నిక్‌లో న్యూక్లియర్ టెక్నాలజీ హయ్యర్ డిప్లొమా పెట్టి సొంత పిల్లలను తయారుచేసుకోవడం మొదలుపెట్టారు. అంటే తేలికైన కొలువులు వాళ్ల పిల్లలకే. బయటివాళ్లు అలాంటి చోట అడుగుపెట్టాలంటే చేతిలో అనుభవం ఉండాలి. ఆ అనుభవం దొరికే చోటు కైగా, కాక్రాపార్, కల్పాక్కం.

తలుపు మూసేవి ఇవి

మొదటిది వయసు. ఎన్‌పీసీఐఎల్ టెక్నీషియన్ ట్రైనీకి 18 నుంచి 24 ఏళ్లు, డిప్లొమా వాళ్లకు 25. బార్క్‌లో ఇంకా తక్కువ, ఐటీఐ, ఇంటర్ వాళ్లకు 22 దాటకూడదని 2023 ప్రకటన చెప్పింది. ఐటీఐ అయిపోయేసరికి పిల్లాడికి పద్దెనిమిది. అప్పుడే గల్ఫ్ పోతే రెండేళ్ల అగ్రిమెంటు, రెన్యువల్ ఇంకో రెండేళ్లు, చెల్లి పెళ్లికి తిరిగొచ్చేసరికి ఇరవై మూడో ఇరవై నాలుగో. దుబాయ్ కొలువు ముప్పై ఏళ్లకూ దొరుకుతుంది. ఈ కొలువు దొరకదు. ముందు ఏది ప్రయత్నించాలో ఇంట్లో పెద్దలు ఇక్కడే తేల్చుకోవాలి.

రెండోది మార్కులు. ఎన్‌పీసీఐఎల్ ఇంటర్ మీద తీసుకునే ఆపరేటర్ పోస్టులకు లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలతో ఇంటర్‌లో కనీసం 50 శాతం కావాలి. అంటే ఎంపీసీ. సీఈసీ, బైపీసీ పిల్లలు దరఖాస్తు చేయలేరు. ఐటీఐ వాళ్లకు పదో తరగతిలో సైన్సు, లెక్కలతో 50 శాతం ఉండాలి. బార్క్ 60 అడిగింది. డిప్లొమా వాళ్లకు రెండు చోట్లా 60. ‘పాసైతే చాలు’ అని పదో తరగతిని వదిలేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. తర్వాత ఐటీఐలో ఎంత బాగా చేసినా ఆ పదో తరగతి మెమో వెంటాడుతుంది. ట్రేడు కూడా చూసుకోవాలి. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, మెషినిస్ట్, టర్నర్ లాంటి రెండేళ్ల ట్రేడులు నేరుగా చెల్లుతాయి. వెల్డర్ లాంటి ఏడాది ట్రేడుకు కోర్సు తర్వాత కనీసం ఏడాది పని అనుభవం చూపించాలి. షెడ్డులో పనిచేయించుకున్న సేఠ్ సర్టిఫికెట్ రాసివ్వకపోతే ఆ ఏడాది లెక్కలోకి రాదు.

మూడోది భాష. పరీక్ష ఇంగ్లిష్, హిందీల్లోనే. తెలుగులో లేదు, ఉర్దూలో లేదు. కానీ ఇక్కడ ఒక చిన్న అనుకూలత ముస్లిం ఇళ్లకు ఉందని ఎవరూ గమనించరు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు హిందీ ప్రశ్న చదివితే సగం అర్థమవుతుంది. లిపి నేర్చుకుంటే చాలు. కర్ణాటక, గుజరాత్, రాజస్థాన్ ప్లాంట్లలో రోజూ పనిచేయడానికీ అది పనికొస్తుంది. 2016 నుంచి వచ్చిన మైనారిటీ గురుకులాల్లో ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలు ఇప్పుడు ఇంటర్, డిప్లొమా దాటుతున్నారు. అన్నలకు లేని వీలు వాళ్లకు ఉంది.

పరీక్ష సంగతి. ప్రిలిమినరీలో గంట సమయం, 50 ప్రశ్నలు. లెక్కలు 20, సైన్సు 20, సాధారణ పరిజ్ఞానం 10. సరైన జవాబుకు 3 మార్కులు, తప్పుకు 1 కోత. జనరల్ వాళ్లకు 40 శాతం, రిజర్వుడు వాళ్లకు 30 శాతం వస్తే గట్టెక్కినట్టే. అయితే ఇది వడపోత మాత్రమే, ఈ మార్కులు తర్వాత లెక్కించరు. రెండో పరీక్షలో రెండు గంటలకు 50 ప్రశ్నలు, ఐటీఐ వాళ్లకు సొంత ట్రేడు మీద, ఇంటర్ వాళ్లకు ఎంపీసీ సిలబస్ మీద. మెరిట్ దీంట్లోనే. ఆ తర్వాత నైపుణ్య పరీక్షలో మార్కులుండవు, పాసో ఫెయిలో. ఐటీఐలో రెండేళ్లు ఫైలు పట్టుకోకుండా, హాజరు వేయించుకుని బయటపడ్డ పిల్లాడు ఎక్కడ ఆగిపోతాడో వేరే చెప్పాలా?

శరీర కొలతలు కూడా ఉన్నాయి. కనీస ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 45.5 కిలోలు. ఆడపిల్లల విషయంలో ఈ ఎత్తు నిబంధన పెద్ద అడ్డు. మొత్తం ఆరోగ్యం చూసి సడలింపు ఇచ్చే వీలుందని ప్రకటనలే చెబుతాయి కాబట్టి ముందే వదిలేసుకోవద్దు. నిజామాబాద్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివే అమ్మాయికి ప్లాంటు కన్నా ఈసీఐఎల్, ఫ్యూయల్ కాంప్లెక్స్ దగ్గరి దారి. హైదరాబాద్‌లో ఖాలా ఇల్లో ఫుప్పూ ఇల్లో ఉంటుంది, ఇంట్లో ఒప్పించడమూ తేలిక.

బీసీ-ఈ సర్టిఫికెట్ ఇక్కడ పనిచేయదు

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. రాష్ట్రంలో బీసీ-ఈ కింద ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. పాలిటెక్నిక్ సీటుకు, రాష్ట్ర ఉద్యోగానికి అది పనికొస్తుంది. ఎన్‌పీసీఐఎల్, బార్క్, ఈసీఐఎల్ కేంద్రానివి. అక్కడ చెల్లేది కేంద్ర ఓబీసీ జాబితా. ఆ జాబితాలో దూదేకుల వంటి కొన్ని వర్గాలే ఉన్నాయి, షేక్‌లు సహా బీసీ-ఈ మొత్తం లేదు. బీసీ-ఈ కాగితం చూసుకుని ఫారంలో ఓబీసీ అని టిక్కు పెట్టిన పిల్లాడు పరీక్ష నెగ్గి, సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఖాళీ చేతులతో తిరిగి రావాల్సి వస్తుంది.

అలాంటి వాళ్లకు ఇంకో వీలుంది. కేంద్రం లెక్కలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ ఏదీ కానివాళ్లు పేదలైతే ఈడబ్ల్యూఎస్ కిందికి వస్తారు. అంటే కేంద్ర జాబితాలో లేని బీసీ-ఈ కుటుంబం కేంద్ర ఉద్యోగానికి ఈడబ్ల్యూఎస్ అడగవచ్చు. ఏడాది ఆదాయం 8 లక్షల లోపు, పొలం 5 ఎకరాల లోపు ఉండాలి. ఇంటి జాగా విషయంలో భీమ్‌గల్ వాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఊరు ఇప్పుడు మున్సిపాలిటీ. నోటిఫై అయిన మున్సిపాలిటీలో ప్లాటు పరిమితి 100 గజాలు, మిగతా చోట్ల 200. గల్ఫ్ డబ్బుతో కొన్న 150 గజాల జాగా పల్లెలో ఉంటే ఫర్వాలేదు, మున్సిపాలిటీలో ఉంటే అడ్డొస్తుంది. తహసీల్ ఆఫీసులో ‘మీరు బీసీ కదా, ఈడబ్ల్యూఎస్ ఎట్లిస్తం’ అన్న ప్రశ్న ఎదురైతే, ఇది కేంద్ర ఉద్యోగం కోసమని, కేంద్ర నమూనాలోనే కావాలని వివరంగా రాసి ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్ ఒక ఆర్థిక సంవత్సరానికే కాబట్టి ఏటా తిరిగి తీసుకోవాలి. ఓబీసీ వాళ్లకున్న మూడేళ్ల వయసు సడలింపు ఈడబ్ల్యూఎస్‌కు లేదు. కాబట్టి షేక్ పిల్లాడికి 24 అంటే 24.

భయం, అసలు ప్రమాదం

అమ్మీలు అడిగే మొదటి ప్రశ్న జీతం గురించి కాదు, రేడియేషన్ గురించి. అది న్యాయమైన ప్రశ్న. అణు నియంత్రణ మండలి నిబంధన ప్రకారం ప్లాంటు ఉద్యోగి ఒంటికి తగిలే రేడియేషన్ ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు. ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. మామూలు ప్రజలకు పరిమితి 1. ప్రతి ఉద్యోగి ఛాతీకి ఒక బిళ్ల తగిలించుకుని తిరుగుతాడు. దాన్ని క్రమం తప్పకుండా కొలుస్తారు. ప్రకృతిలో సహజంగానే మనిషికి ఏడాదికి సగటున 2.4 దాకా తగులుతుంది. కాబట్టి ప్రమాదం లేదని కాదు, కొలిచి రాసే ప్రమాదం ఇది. గల్ఫ్‌లో యాభై డిగ్రీల ఎండలో పరంజా ఎక్కేవాడి ప్రమాదాన్ని ఎవరూ కొలిచి రాయరు.

అలాగని అణుశక్తి వ్యతిరేకుల మాటను కొట్టిపారేయలేం. నల్లమలలో యురేనియం కోసం తవ్వకాలొద్దని 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీయే తీర్మానం చేసింది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు పెద్ద రియాక్టర్ల ప్రతిపాదనకు భూములు, ఊళ్లు వదులుకోవాల్సి వచ్చినవాళ్లు మత్స్యకారులు. ఒకరి కొలువు ఇంకొకరి వలస కావడం ఈ రంగంలో ఉన్న ముల్లు. కొలువు కోరుకునే కుటుంబానికి ఆ సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది.

ఇక మున్ముందు ఏమవుతుంది? ఇప్పుడు దేశంలో అణు విద్యుత్ సుమారు 8,800 మెగావాట్లు. 2047 నాటికి లక్ష మెగావాట్లు చేస్తామని 2025 బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. చిన్న రియాక్టర్ల కోసం 20,000 కోట్లు కేటాయించింది. రాజస్థాన్ బాంస్వాడాలో నాలుగు 700 మెగావాట్ల రియాక్టర్లకు ఆ ఏడాది సెప్టెంబర్‌లో శంకుస్థాపన జరిగింది. డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ చట్టం, 1962 నాటి అణుశక్తి చట్టం స్థానంలో వచ్చి, ప్రైవేటు కంపెనీలకు కూడా రియాక్టర్లు కట్టి నడిపే వీలిచ్చింది. లక్ష మెగావాట్ల మాట ఎంతవరకు నిజమవుతుందో గానీ, దాంట్లో పావు వంతు జరిగినా ఇప్పుడున్న మనుషులు సరిపోరు. కొలువులు పెరుగుతాయి. ఎలాంటి కొలువులు అన్నదే ప్రశ్న. ఎన్‌పీసీఐఎల్ టెక్నీషియన్‌కు ఉన్న క్వార్టర్, వైద్యం, భద్రత ప్రైవేటు కాంట్రాక్టు కింద పనిచేసేవాడికి ఉంటాయా? యాజమాన్యం చేతులు మారితే కార్మికుడికి ఏమవుతుందో బోధన్‌కు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. అందుకే సంస్థ ప్రభుత్వ చేతిలో ఉండి, ట్రైనీలను నేరుగా తీసుకుంటున్న ఈ కొన్నేళ్లు ఇప్పుడు పదహారు, పదిహేడేళ్లున్న పిల్లలకు ముఖ్యమైనవి.

ఈ ఒక్క కొలువు కోసమే చదువు ఎంచుకోమని ఎవరూ అనలేరు. వేలమంది రాసే పరీక్ష. అదృష్టవశాత్తూ చదువు వృథా పోదు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రేడు సింగరేణికి, ఎన్‌టీపీసీకి, రైల్వేకు, జెన్‌కోకు పనికొస్తుంది. గల్ఫ్‌కే పోవాల్సి వచ్చినా హెల్పర్‌గా కాకుండా టెక్నీషియన్‌గా పోతాడు. పాలిసెట్ రాసి డిప్లొమా చేసినవాడు ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ‘న్యూక్లియర్’ అని పేరు తగిలించిన ప్రైవేటు కోర్సుకు ఇలాంటి పక్కదారులు ఉండవు.

ఇప్పుడే చేయాల్సిన చిన్న పని ఒకటుంది, డబ్బు ఖర్చు లేనిది. అణు సంస్థల్లో చేరే ప్రతి ఒక్కరికీ పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. మతం ఏదైనా, ఊరు ఏదైనా ఉంటుంది. గొడవల్లో పేరు ఎక్కకుండా చూసుకోవడం ఒక ఎత్తు. ముస్లిం ఇళ్లలో దానికంటే ఎక్కువగా తలనొప్పి తెచ్చేది పేరు స్పెల్లింగ్. పదో తరగతి మెమోలో ‘మొహమ్మద్’, ఆధార్‌లో ‘ఎండీ’, కుల ధ్రువీకరణలో ‘మహమ్మద్’, తండ్రి పాస్‌పోర్టులో ఇంకో రకం. ఒక చోట షేక్ ముందు, ఒక చోట వెనక. మనిషి ఒక్కడే అని నిరూపించుకోవడానికి అఫిడవిట్లు, నెలల తరబడి తిరుగుడు. అన్నింటికీ మూలం పదో తరగతి మెమో. పిల్లాడు తొమ్మిదో తరగతిలో ఉండగా, బోర్డుకు నామినల్ రోల్స్ పోకముందే అమ్మీ గానీ అబ్బా గానీ ఒకరోజు బడికి పోయి, రిజిస్టర్‌లో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో హెడ్‌మాస్టర్ ముందు కూర్చుని చూసుకోవాలి. తప్పుంటే అప్పుడే దిద్దించుకోవచ్చు.